సినిమా చూశాక నవల చప్పగా అనిపిస్తే తప్పా?

కృష్ణలంక కుర్రాడు:
మొన్న బెంజిసర్కిల్ దగ్గర టీ తాగుతూ నోరు జారాను. టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల కన్నా సినిమాలే బాగున్నాయన్నా. మావాడు గ్లాసు బల్ల మీద పెట్టేసి "అయితే పుస్తకం చదవలేదన్నమాట" అన్నాడు. చదివాను బాబూ! లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లో బేరమాడి మూడు భాగాలూ కొన్నా. చదివే అంటున్నా.

కథ తెలియనివాళ్లకో మాట: లోకాన్ని ముంచే మాయ ఉంగరాన్ని నాశనం చేయడానికి బయల్దేరే పొట్టి మనిషి (హాబిట్) ఫ్రోడో, దాన్ని అతనికి వదిలివెళ్లిన బంధువు బిల్బో. నవల్లో బిల్బో పుట్టినరోజు విందుకీ, ఫ్రోడో ఊరు వదలడానికీ మధ్య 17 ఏళ్లు. ప్రపంచం మునిగిపోతోందని చెబుతూ పదిహేడేళ్లా? బయల్దేరాక టామ్ బాంబడిల్ అని ఒకాయన తగులుతాడు. పాటలు పాడతాడు, అన్నం పెడతాడు, పోతాడు. ఉంగరం వేలికి పెట్టుకున్నా ఆయనకేం కాదు. అలాంటివాడు ఒకడున్నాక ఇక ఉంగరానికి నేనెందుకు భయపడాలి? సినిమాలు తీసిన పీటర్ జాక్సన్ ఆయన్ని ఎత్తేసి మంచిపని చేశాడు.

ఇంకోటి. మూడో సినిమాలో గోండోర్‌ని ఏలే డెనెథార్ భోజనం చేస్తుంటే ఫ్రోడో స్నేహితుడు పిప్పిన్ పాడే పాట. నవల్లో అది మొదటి భాగంలో హాబిట్లు నడుస్తూ సరదాగా పాడుకునేది. సినిమావాళ్లు దాన్ని పట్టుకొచ్చి, కొడుకు చావుకి ఎదురెళ్తుంటే తండ్రి ముందు పాడించారు. బాణీ ఆ నటుడు బిల్లీ బాయిడే కట్టుకున్నాడు. పుస్తకంలో నేను దాటేసిన పాట, తెర మీద నన్ను కూర్చోబెట్టింది.

బ్రాడీపేట భారతి:
బాంబడిల్ సంగతి వదిలేస్తా, ఆయన మీద నాకూ మోజు లేదు. ఆ డెనెథార్ చిన్నకొడుకు ఫారమీర్‌ని ఏం చేశారో చెప్పు. నవల్లో ఆ ఉంగరం దారిలో పడి ఉన్నా ఎత్తుకోనంటాడు. అన్న ఆశపడి పోయాడు, తమ్ముడు ఆశపడలేదు. తేడా అంతా అక్కడే ఉంది. సినిమాలో ఆయన కూడా ఫ్రోడోని ఆస్గిలియాత్ దాకా ఈడ్చుకెళ్లి, తర్వాత మనసు మార్చుకుంటాడు. మంచివాడు మొదటినుంచీ మంచివాడుగా ఉంటే సినిమా నడవదా?

అంతకన్నా పెద్దది చివర్లో ఎగరగొట్టారు. నలుగురు హాబిట్లూ ఇంటికొచ్చేసరికి వాళ్ల సొంత సీమ షైర్‌ని దుష్ట మాంత్రికుడు సారుమాన్ మనుషులు పాడుచేసి ఉంటారు. చెట్లు కొట్టేస్తారు, ఏరు మురికి. సినిమాలో ఊరు వదిలినప్పుడెలా ఉందో అలాగే ఉంటుంది. నిజంగా చెప్పు, నువ్వా అధ్యాయం చదివావా, పేజీలు తిప్పావా?

కృష్ణలంక కుర్రాడు:
భారతక్కా, దొరికిపోయా. చివరి 100 పేజీలు కథ తెలుసు కదాని గబగబా లాగించేశా. ఫారమీర్ మీద మాత్రం తగ్గను. రెండు సినిమాలుగా ఉంగరం ఎంత ప్రమాదమో చూపించి, ఒకాయన వచ్చి "నాకక్కర్లేదు" అంటే హాల్లో జనం నవ్వుతారు.

తెలుగు మీడియం:
మీరిద్దరూ ఇంగ్లీషు గడగడా చదివే బాపతు. నా సంగతి వినండి. పదో తరగతి దాకా గుంటూరు జిల్లా పరిషత్ హైస్కూలు. ఇంటర్లో హ్యారీ పాటర్ మొదటి పుస్తకం తెచ్చుకున్నా. పక్కన డిక్షనరీ. పేజీకి ఇరవై మాటలు వెతుక్కుంటే ఇక మాయేం మిగులుతుంది? సినిమా చూశాక కోట ఎలా ఉంటుందో తెలిసింది, ఆ తర్వాతే పుస్తకం లోపలికి వెళ్లగలిగా. సినిమా నాకు తాళంచెవి. తలుపు తెరిచింది ఎక్కువా, లోపలున్నది ఎక్కువా అంటే ఏం చెప్పను?

అలాగని సినిమావాళ్లు చేసిందంతా ఒప్పుకోను. ఆ వరసలో అన్నిటికన్నా లావు పుస్తకం ఐదోది. 8 సినిమాల్లో రెండో పొట్టిది ఆ ఐదోదే. చదివినవాడికి కడుపు మండుతుంది.

బెజవాడ ఎండ:
'రింగ్స్' మూడు సినిమాలూ కలిపి 9 గంటల పైనే. మీ చర్చ చదవడానికి ఇంకో గంట. నేను పడుకుంటా.

తెనాలి మాస్టారు:
మూలం చదవనివాడు సినిమా గురించి మాట్లాడకూడదంటే ముందు ఆంధ్రదేశమంతా నోరు కుట్టుకోవాలి. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'కి ఆధారం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథలు. మణిసిద్ధుడు కాశీకి నడిచిపోతూ మజిలీ మజిలీకీ వెంట వచ్చిన గొల్లపిల్లవాడికి చెప్పే కథలవి. మీలో ఎందరు చదివారు? నేపాళ మాంత్రికుడంటే మనకు ఎస్వీ రంగారావే. 1957 'మాయాబజార్' కథ వ్యాసభారతంలో వెతకండి, శశిరేఖే కనబడదు. అయినా ఎవరైనా అన్యాయం అన్నారా?

ఇంకో తమాషా. ఆ విజయా సినిమాలు తీసిన నాగిరెడ్డి, చక్రపాణి గార్లే 1947లో చందమామ పెట్టారు. చక్రపాణి గారు మా తెనాలి మనిషి. ఒక చేత్తో మాంత్రికుణ్ణి తెరకెక్కించి, ఇంకో చేత్తో దాసరి సుబ్రహ్మణ్యం గారి చేత నెలనెలా సీరియళ్లు రాయించారు. చిత్రా గారు వేసిన ఒక్క బొమ్మ, కింద 'ఇంకా వుంది'. ఆ నెల రోజులూ మిగతా రాక్షసులందర్నీ నేనే తయారుచేసుకునేవాణ్ణి. అది ఏ సినిమా ఇస్తుంది?

అబ్బాయ్, పాటలు దాటేస్తానన్నావు చూడు, అది మాత్రం మహాపాపం. మా రోజుల్లో నాటకంలో పద్యానికి వన్స్‌మోర్ కొడితే శ్రీకృష్ణుడు రాయబారం ఆపి మళ్లీ పాడేవాడు.

బ్రాడీపేట భారతి:
మాస్టారూ, మీరు మా ఇద్దరి పక్షమూ మాట్లాడేశారు! సరే, కుర్రాడికో ప్రశ్న. 'ది హాబిట్' 1937లో టోల్కీనే పిల్లలకోసం రాసిన ఒక్క చిన్న పుస్తకం. 2012 నుంచి 2014 దాకా దాన్ని మూడు సినిమాలు చేశారు. గ్లాసుడు పెరుగులో బిందెడు నీళ్లు. అదీ బాగుందంటావా?

కృష్ణలంక కుర్రాడు:
అక్కా, ఆ కేసు నేను వాదించను.

కృష్ణలంక కుర్రాడు:
రాత్రి ఆ షైర్ అధ్యాయం చదివా. మధ్యలో కరెంటు పోతే ఫోను వెలుగులో. విందు జరిగిన చెట్టు కొట్టేశారని చూసి ఫ్రోడో తోటమాలి శామ్ ఏడుస్తాడు. నూజివీడు దగ్గర మా తాతగారి మామిడితోట వెంచరైంది. మొన్న సంక్రాంతికి వెళ్తే హద్దురాళ్లు, ఒక ఆర్చి. సినిమాలో ఇది ఎందుకు లేదో ఇప్పుడు నాకూ కోపంగా ఉంది.

నా ఓటు ఇంకా సినిమాలకే. పాటలు ఇప్పటికీ దాటేస్తున్నా, మాస్టారు క్షమించాలి.

బ్రాడీపేట భారతి:
మాస్టారూ, కాశీమజిలీలు మీ దగ్గరుంటే మొదటి భాగం ఇస్తారా?

తెనాలి మాస్టారు:
ఇస్తానమ్మా. రెండో భాగం ఇలాగే 1988లో ఒకాయన పట్టుకెళ్లాడు. నీ పేరు, తేదీ నోటుబుక్కులో రాసుకుంటాను, ఏమనుకోకు.