ప్రతిపక్షభావనకు తెలుగు మాట ఏది?

ప్రశ్న: అందరికీ నమస్కారం. కోపం, ఆందోళనల మీద మా కౌన్సెలింగ్ కేంద్రానికి కరపత్రం రాస్తున్నాను. పతంజలి యోగసూత్రాల్లో రెండో అధ్యాయమైన సాధనపాదం 33వ సూత్రం ‘వితర్కబాధనే ప్రతిపక్షభావనమ్’ అందులో పెట్టాలని ఉంది. ‘వ్యతిరేక భావన’ అని రాస్తే చదివినవాళ్లు నెగటివ్ ఆలోచన అనుకున్నారు. ప్రతిపక్షం అంటే అసెంబ్లీ గుర్తొస్తోంది. ‘మంచి ఆలోచన’ అందామా?

జవాబు: వద్దండీ, సూత్రం అంత తేలిక మాట చెప్పలేదు. ముందు ‘వితర్కం’ చూడండి. తర్కవితర్కాలంటే మనకు వాదోపవాదాలు. ఇక్కడ మాత్రం యమనియమాలకు, అంటే అహింస, సత్యం లాంటి కట్టుబాట్లకు అడ్డుపడే తలపులు. ఈ సూత్రాలకు పాత వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం వాటిని వాక్యాలుగానే రాసింది: నాకు కీడు చేసినవాణ్ణి చంపుతాను, అబద్ధమైనా ఆడతాను, వాడి సొమ్మూ లాక్కుంటాను. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, కోపం వస్తే నా బుర్రలో తిరిగే మాటలే అవి. 1960లలో అమెరికా మనోవైద్యుడు ఆరన్ బెక్ రూపొందించిన కాగ్నిటివ్ థెరపీలోనూ (ఆలోచనలను పరిశీలించి మార్చుకునే చికిత్స) మొదటి పని ఇదే: బాధతో పాటు మనసులో మెదిలిన వాక్యాన్ని పట్టుకుని కాగితం మీద పెట్టించడం.

34వ సూత్రాన్ని చాలామంది వదిలేస్తారు, అసలు విషయం అక్కడుంది. ఆ తలపు లోభంతో పుట్టిందా, క్రోధంతోనా, మోహంతోనా? మృదువా, మధ్యమా, అధిమాత్రమా (మరీ తీవ్రమా)? థెరపీలో కోపానికి నూటికి ఎన్ని మార్కులో వేయించినట్టే ఉంటుంది. ఆపైన ‘దుఃఖాజ్ఞానానంతఫలాః’. ఈ తలపుకు తెగని దుఃఖమూ అజ్ఞానమూ ఫలాలుగా కాస్తాయని భావించడమే ప్రతిపక్షభావన. చెడ్డదాని మీద మంచిదాన్ని కప్పమనలేదు. బెక్ పద్ధతి ఇక్కడ దారి మారుతుంది: ఈ తలపు నిజమేనా, ఆధారం ఏమిటని అడుగుతుంది. కాబట్టి రెండూ ఒకటేనని మాత్రం రాయకండి.

ఇక ‘భావన’. ఆయుర్వేదంలో చూర్ణాన్ని రసంతో తడిపి, నూరి, ఆరబెట్టి, మళ్లీ తడపడాన్నీ భావన అనే అంటారు. ఒకసారి అనుకుంటే చాలదని నాకు తట్టింది అక్కణ్ణుంచే. ‘ఎదురుతలపును నానబెట్టుకోవడం’ అంటే ఎలా ఉంటుంది?

ప్రశ్న: ఎదురుతలపు చాలా బాగుందండీ, అదే పెడతాను. వదిలిన వితర్కాన్ని మళ్లీ పట్టుకునేవాడు కక్కిన కూడు నాకే కుక్కలాంటివాడని భాష్యంలో ఉంది కదా, అదీ చేర్చనా?

జవాబు: దయచేసి వద్దు. అది యోగమార్గం పట్టిన సాధకుడు తనకు తాను చెప్పుకొనే మాట. దిగులుతో మీ గుమ్మం ఎక్కేవాళ్లు ఇప్పటికే తమను అంతకన్నా హీనంగా తిట్టుకుంటూ ఉంటారు. ఆ రెండు సూత్రాలూ చాలు.