సమస్య: "చాచకున్న చేయి చదువు రాదు"

నిర్వాహకుడు, హన్మకొండ: బ్యాంకులో ఒక పెద్దాయన చలానాను దూరం జరిపీ జరిపీ చదువుతుంటే తట్టిన పాదం. ఇదే ఆఖరి పాదంగా పద్యం పూరించండి. వారాలు చేసుకొని చదువుకున్న కథలు మాత్రం వద్దు, అవి అందరికీ వస్తాయి.

కాజీపేట మాస్టారు:
నలుబదేండ్లు దాట నక్షరమ్ము మసక
పత్రమెంత దవ్వొ పలుకు నంత
మాత్ర చీటి పైన మచ్చలే కనిపించు
చాచకున్న చేయి చదువు రాదు

వరంగల్ చౌరస్తా: రెండో పాదం భలే ఉంది మాస్టారూ. కానీ మొదటి పాదంలో దాటన్ + అక్షరమ్ము గదా, పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి అకారానికి పడాలె. మీరు నకారానికి వేసిండ్రు. నా బతుకమ్మ పూరణలో ఇదే అఖండయతి పట్టుకొని వారమంతా వాయించింది తమరే.

కాజీపేట మాస్టారు: అఖండయతిని ఒప్పుకున్న లాక్షణికులూ ఉన్నారు. అయినా మీ తృప్తి కోసం: "నలుబదేండ్లు దాట నల్లపూసగు రాత". ఇప్పుడేం పడతారో పట్టండి. మీ బతుకమ్మ పద్యంలో చెడింది యతి ఒక్కటే కాదు, గణం కూడా.

పరకాల కళ్లద్దాలాయన: ఛందస్సు మీరు చూసుకోండి, నాకు భావం దగ్గర పేచీ. కంట్లో కటకం బిరుసెక్కితే వచ్చేది చత్వారం. నాది హ్రస్వదృష్టి, మైనస్ 3. అద్దాలు తీస్తే 33 సెంటీమీటర్ల దగ్గర అక్షరం తేటగా కనబడుతుంది. మా బాపతు వాళ్లకు "ముడువకున్న చేయి" అనాలి. యతి చెడుతుందని ఊరుకున్నా.

జనగామ అక్క:
పిల్లవాని బిలిచి బెత్తమ్ము చేబూని
మోము నుండి పుటను మూర జరిపె
దెబ్బ కతడు, లిపికి దేశికుండును గూడ
చాచకున్న చేయి చదువు రాదు

నిర్వాహకుడు: అబ్బ! ఒకే చేయి చాపడం ఇద్దరికీ సరిపోయింది.

వరంగల్ చౌరస్తా: చత్వారం మాటే ఎత్తకుండా "మూర జరిపె"తో తేల్చేసింది అక్క. కొందరు దానికే మూడు పాదాలు ఖర్చు పెట్టిండ్రు.

కాజీపేట మాస్టారు: బాగుందమ్మా. "పిల్లవానిఁ బిలిచి"లో అరసున్న ఏది?

జనగామ అక్క: ప్లస్ 2 అద్దాలు పెట్టుకొని వెతికినా ఫోన్ కీబోర్డులో దొరకలేదు సారూ. లేని అరసున్న కాజీపేట నుంచి మీకెట్ల కనబడ్డది?

వరంగల్ చౌరస్తా: అది సరే, నా బతుకమ్మ పద్యంలో గణం చెడిందన్నారు. ఏ పాదంలో?

కాజీపేట మాస్టారు: మూడో పాదం, నాలుగో గణం.

వరంగల్ చౌరస్తా: అది సలగణమే! మళ్లీ లెక్కపెట్టండి, ఈసారి అద్దాలు పెట్టుకొని.

నిర్వాహకుడు: బతుకమ్మ పంచాయితీ ఆ సమస్య కిందనే తేల్చుకోండి. ఇక్కడ ఇంకా పూరణలు రావాలె.