రెండేళ్లు నిండినా మాటలు రాలేదు: ఆగుదామా, చూపిద్దామా?

బుజ్జిగాడి అమ్మ:
మా వాడికి మొన్ననే రెండేళ్లు నిండాయి. చెప్పులు తెమ్మంటే తెస్తాడు, చెప్పిందంతా అర్థమవుతుంది. మాటలు మాత్రం పదో పన్నెండో. మా అత్తగారు "మగపిల్లలకు ఆలస్యమే, వీళ్ల నాన్నకూ మూడేళ్లకే వచ్చాయి" అంటారు. నాకేమో నిద్ర పట్టడం లేదు. ఇంట్లో రెండు భాషలు మాట్లాడతాం, అందుకేనా?

పెద్దమ్మ:
టెన్షన్ పడకమ్మా. మా ఇంట్లో ఇద్దరు మూడో ఏడు దాటాకే నోరు విప్పారు, ఇప్పుడు ఆపినా ఆగరు. అర్థమవుతోందంటే సగం భయం పోయినట్టే. ఇప్పటినుంచే ఆస్పత్రుల చుట్టూ తిప్పి పసివాణ్ణి బెదరగొట్టకు.

ఇద్దరు కూతుళ్ల నాన్న:
పెద్దమ్మగారూ, ఆలస్యంగా మాట్లాడే పిల్లల్లో చాలామంది అందుకుంటారు, నిజమే. ఎవరు అందుకోరో మాత్రం రెండేళ్లప్పుడు ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అందుకే ఆగమనడం నాకు నచ్చదు. ఈ వయసుకు సుమారు 50 మాటలు, "నాన్న రా" లాంటి రెండు మాటల జోడింపు రావాలి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, పుట్టినప్పుడు చేసినదాంట్లో పాసైనా సరే. మా చిన్నదానికి జలుబు చేసినప్పుడల్లా కర్ణభేరి వెనక నీరు చేరేది. పిలిస్తే పలికేది కాబట్టి మాకు అనుమానమే రాలేదు. ఏడాది పోగొట్టుకున్నాం. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

రెండు భాషల వల్ల ఆలస్యం రాదండీ. ఏదీ మానేయకండి, రెండింట్లోని మాటలూ కలిపి లెక్కపెట్టండి.

బుజ్జిగాడి అమ్మ:
పరీక్షకు వెళ్తాం. ఈలోగా ఇంట్లో ఏం చేయాలి? బొమ్మలు చూపించి "ఇదేంటి, చెప్పు" అని రోజూ అడుగుతూనే ఉన్నాను.

ఇద్దరు కూతుళ్ల నాన్న:
ఆ అడగడం తగ్గించండి. మేమూ అదే చేశాం, పాప మొహం తిప్పేసుకునేది. తను చూస్తున్నదాని గురించే మనం మాట్లాడాలి. "బంతి" అంటే "అవును, ఎర్ర బంతి" అనాలి, తప్పు దిద్దకూడదు. ఆపైన ఆగాలి, అదే కష్టం. ఒకరోజు ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది. వెంటనే నింపకుండా తన కళ్లలోకి చూస్తూ మనసులో పది లెక్కపెట్టాను. ఎనిమిది దగ్గర "నీ..." అంది. "నీళ్లు! నీళ్లు కావాలా!" అంటూ పోశాను. ఒకవేళ అనకపోయినా పోసేవాణ్ణే, దాహంతో బేరం పెట్టకూడదు.

పెద్దమ్మ:
సరే, పరీక్ష చేయించండి, కాదనను. ఒక్కటి మాత్రం పాటించమ్మా. వాడి ఎదుట "వీడికి మాటలు రావు" అని ఎవరితోనూ అనకు. అన్నీ అర్థమవుతాయని నువ్వే చెప్పావు కదా.