అప్‌డేట్: పునీత తోమాసు పండుగ జూలై 3నా, డిసెంబర్ 21నా?

మా నాయనమ్మ ప్రార్థన పుస్తకంలో యేసు పన్నెండుమంది శిష్యుల్లో (అపోస్తలుల్లో) ఒకరైన పునీత తోమాసు పండుగ డిసెంబర్ 21 అని ఉంటే, విజయనగరంలో మా గుడిలో జూలై 3న ఎందుకు చేస్తున్నారని కిందటి నెల అడిగాను. తేలింది.

పుస్తకం అచ్చయిన సంవత్సరం చూడమన్నవారికి ధన్యవాదాలు, చిక్కుముడి అక్కడే వీడింది. అట్ట ఊడి, చింతపులుసు మరక పడిన మొదటి పేజీలో 1958 అని ఉంది. అది చూడగానే మా గుడి ఫాదర్ (విచారణ గురువులు) నవ్వేశారు. 1969లో సవరించిన కతోలిక సంఘ పండుగల పంచాంగం ఈ పండుగను జూలై 3కి జరిపింది. డిసెంబర్ 17 నుంచి 24 వరకు ఆగమనకాలపు (క్రిస్మస్ ముందు వారాల) చివరి రోజులు కదా, క్రిస్మస్ సిద్ధపాటు మధ్యలో అపోస్తలుని పండుగ రాకూడదని. అలాగని జూలై 3 కొత్తగా పుట్టించిన తేదీ కాదు. తోమాసు అవశేషాలను ఎదెస్సా నగరానికి చేర్చిన జ్ఞాపకంగా సిరియా సంప్రదాయంలో పూర్వం నుంచీ ఉన్నదే.

పుస్తకంలో తేదీ అచ్చుతప్పు అన్న ఊహ నిలవలేదు. ఆ పండుగకు గుడిలో ఏ సువిశేష భాగం చదువుతారని జరిగిన వాదన కూడా అనవసరమే, అది యోహాను 20:24–29, యేసు గాయాలను తాకి చూస్తేనే నమ్ముతానని తోమాసు అన్న ఘట్టం.

డిసెంబర్ 21న పుట్టి ఆ పేరే పెట్టించుకున్న మా నాన్నగారికి ఇదంతా చెప్పాను. “అయితే అరిసెలు రెండుసార్లు వండాలి” అన్నారు.