మూడు నెలల ఆటోఫ్లవర్‌కి లివింగ్ సాయిల్ దండగా? (ఒంటారియో పెరడు చర్చ)

కిచెనర్ పెరడు:
ఇది కెనడాలోని ఒంటారియోలో ఉన్నవాళ్లకి మాత్రమే. 2018 అక్టోబర్ 17 నుంచి ఇక్కడ పెద్దవాళ్లు సొంత వాడకానికి గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. మనిషికి నాలుగు కాదు, ఇంటికి నాలుగు. పక్కనే ఉన్న క్యూబెక్‌లో అదీ లేదు, 2023లో కెనడా సుప్రీంకోర్టు కూడా ఆ నిషేధం చెల్లుతుందనే తేల్చింది. ఇండియాలో మత్తుపదార్థాల్ని నిషేధించే ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, అక్కడివాళ్లు ఇది చదివి ఏదీ మొదలుపెట్టకండి.

ఇక విషయం. ఆటోఫ్లవర్ అంటే పగటి పొద్దుతో పనిలేకుండా దానంతటదే పూతకొచ్చే గంజాయి రకం. లివింగ్ సాయిల్ అంటే సేంద్రియ ఎరువులు కలిపి, సూక్ష్మజీవులు బతికేలా మగ్గబెట్టిన మట్టి. "మూడు నెలల్లో కోతకొచ్చే ఆటోఫ్లవర్‌కి లివింగ్ సాయిల్ దండగ, బాటిల్ ఎరువు పోస్తే చాలు" అనే మాట ఈమధ్య చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. అసలు ఆటోఫ్లవర్‌కే మంచి మట్టి ఎక్కువ అవసరం. మామూలు రకాలు పగటి పొద్దు తగ్గాక, ఆగస్టులో గానీ పూతకి రావు. అంతదాకా లోటుపాట్లు సరిచేసుకోడానికి టైముంటుంది. ఆటోలో రుడరాలిస్ అనే గంజాయి జాతి రక్తం ఉంది కదా, పగలు ఎంత పొడుగున్నా మొలిచిన మూడు నాలుగు వారాలకే పూత మొదలు. ఆ కొద్దిరోజుల్లో వేరు ఎంత పాకితే మొక్క అంతే. అందుకే విత్తనం పడే రోజుకే మట్టి సిద్ధంగా ఉండాలంటాను.

బేస్‌మెంట్ రైతు:
అన్నా, మీరు చెప్పిన ఆ కారణానికే నేను వద్దంటున్నా. సేంద్రియ ఎరువు వేరుకి నేరుగా అందదు. సూక్ష్మజీవులు దాన్ని తిని, విడగొట్టి ఇవ్వాలి. దానికి వెచ్చదనం కావాలి. చలికాలంలో కుండీని బేస్‌మెంట్ సిమెంటు మీద పెడితే ఆ పని నత్తనడకే. ఆరో వారంలో ఆకు పసుపెక్కితే వేపపిండి చల్లి చూస్తూ కూర్చోవాలా? అది అందేలోపు పంటే అయిపోతుంది. బాటిల్ ఎరువైతే కొద్దిరోజుల్లోనే తేడా తెలుస్తుంది. పైగా ఆటోకి కొమ్మ కత్తిరించి నాటుకున్నా లాభం లేదు, తల్లి మొక్క వయసే దానికీ ఉంటుంది. ప్రతిసారీ విత్తనం కొనాల్సిందే. ఒక మొక్క పాడైతే నాకది డబ్బు నష్టం.

కిచెనర్ పెరడు:
ఆరో వారంలో చల్లిన వేపపిండి అందదు, నిజమే. అయితే మట్టిని ముందే మగ్గబెట్టి ఉంటే ఆరో వారంలో చల్లే అవసరం ఎందుకొస్తుంది?

నేను చేసేది ఇది. పీట్ మాస్ (చిత్తడి నేలల్లో కుళ్లిన నాచు), కంపోస్ట్, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్లటి తేలిక రాయి) మూడూ సమానం. ఘనపుటడుగుకి, అంటే సుమారు 28 లీటర్లకి, వేపపిండి, కెల్ప్ (సముద్రపు నాచు) పిండి, పీత పెంకుల పిండి తలా అరకప్పు. పీట్‌కి పులుపు ఎక్కువ కాబట్టి కొంచెం సున్నపురాయి పొడి. తడిపి, పైన కప్పి నెల రోజులు వదిలేస్తాను. మొదటి వారం చెయ్యి దూరిస్తే లోపల వెచ్చగా తగులుతుంది. ఆ వేడి పూర్తిగా తగ్గి, పచ్చి వాసన పోయి, తొలకరి వాన పడ్డ నేల వాసన వచ్చాకే విత్తనం. పచ్చి మట్టిలో వేస్తే లేత వేరు మాడి మొక్క గిడసబారుతుంది. ఆటో ఇక తేరుకోదు. "పెట్టి చూశాం, రాలేదు" అనేవాళ్లలో చాలామంది ఈ నెల రోజులు ఆగలేనివాళ్లే.

ఇంకోటి కుండీ. 11 లీటర్ల సంచిలో లివింగ్ సాయిల్ అంటే నేనూ వద్దంటాను. అంత తక్కువ మట్టిలో తేమా నిలవదు, జీవమూ నిలవదు. కనీసం 40 లీటర్ల గుడ్డ కుండీలో నేరుగా విత్తండి, మధ్యలో కుండీ మార్చొద్దు. పైన గడ్డి పరిస్తే నెల తిరిగేసరికి దాన్ని ఎత్తి చూడండి. దారాల్లాంటి తెల్లటి వేళ్లు పైకొచ్చి ఆ కుళ్లుతున్న గడ్డినే పట్టుకుని ఉంటాయి.

గోంగూర మడి:
తమ్ముడూ, నేను ఆ మొక్క జోలికి పోను, నాది కూరగాయల తోట. మట్టి మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. వేపపిండి, కానుగ పిండి మన ఊళ్లలో పొలానికి వేసేవే కదా. మరి జీవామృతం ఎందుకు వాడరు? ఫార్మ్ నుంచి ఆవు పేడ తెచ్చి, బెల్లం, శనగపిండి కలిపి నేను వంకాయకీ గోంగూరకీ పోస్తాను. కాపు బ్రహ్మాండంగా ఉంటుంది.

ల్యాబ్ కోటు:
అక్కా, వంకాయ కడిగి వండుకుంటాం. దీన్ని కడగరు, చాలామంది కాల్చి పీలుస్తారు. కాబట్టి లెక్క మారుతుంది. గంజాయి జాతి మొక్కలు కాడ్మియం, సీసం లాంటి భారలోహాలను నేలలోంచి బాగా లాగేసుకుంటాయి. రాక్ ఫాస్ఫేట్‌లో కాడ్మియం ఉండొచ్చు, ఎక్కడిదో తెలియని కంపోస్ట్‌లో సీసం ఉండొచ్చు. లైసెన్స్ ఉన్న కంపెనీలు సరుకుని పరీక్ష చేయించి అమ్మాలి. ఇంట్లో పండించినదానికి ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? ఆర్గానిక్ అని రాసున్నంత మాత్రాన శుభ్రమైనదని అనుకోవద్దు. మీ ఇద్దరి వాదనకంటే నాకు ఇదే పెద్ద విషయం.

కిచెనర్ పెరడు:
మీ మాట నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. భారలోహాల పరీక్ష వివరాలు ఇవ్వని కంపోస్ట్ నేను కొనను, రాక్ ఫాస్ఫేట్ అసలు వాడను. అక్కా, జీవామృతం మట్టి మగ్గే నెలలో పోస్తే నాకు అభ్యంతరం లేదు. మొక్క మీద, ముఖ్యంగా పూత మొదలయ్యాక మాత్రం వద్దే వద్దు. పచ్చి పేడలో రోగకారక క్రిములు ఉంటాయి.

బేస్‌మెంట్ రైతు:
సరే, మట్టి ముందే మగ్గబెడితే ఎరువు అందుతుందని ఒప్పుకున్నా. మరి దోమల్లాంటి ఆ చిన్న ఈగలు? తడి మట్టి, కుళ్లే గడ్డి ఇంట్లో పెడితే వారంలో ఇల్లంతా అవే. పిల్లలున్న ఇల్లు, మందు కొట్టలేను.

కిచెనర్ పెరడు:
వాటికి బీటీఐ వాడండి, ఈగ పిల్లపురుగుల్ని చంపే బాక్టీరియా అది, నీళ్లలో కలిపి పోయడమే. పై అంగుళం మట్టి ఆరాకే మళ్లీ నీళ్లు. కుండీ కింద చెక్క పలక పెట్టి సిమెంటు నుంచి ఎత్తండి. అయినా గది 18 డిగ్రీలు దాటకపోతే మీకు బాటిలే నయం, అక్కడ నేను వాదించను.

నా వాదన పెరటి మడి గురించి. మంచు భయం పోయాక, మే ఆఖర్లో విత్తితే ఆగస్టు చివరికి ఆటో కోతకొస్తుంది. మామూలు రకం అక్టోబర్ దాకా చలిలో, వానలో నిలబడి పూతకి బూజు పట్టించుకుంటుంది. కోత అయ్యాక మొదలు దగ్గర కోసి, వేరు నేలలోనే వదిలేసి మెంతులు చల్లండి. వచ్చే మే నెలకి మీరు మళ్లీ మట్టి కలపాల్సిన పనుండదు, పైన గుప్పెడు వేపపిండి, రెండంగుళాల కంపోస్ట్ చాలు. ఇంతకీ హామిల్టన్ వైపు పరీక్ష వివరాలతో కంపోస్ట్ అమ్మేవాళ్లు ఎవరైనా తెలిస్తే ఇక్కడ రాయండి.