ముక్కులో గడ్డ: ముందు బయాప్సీనా, డైరెక్ట్ ఆపరేషనా?

ఉప్పల్_రవి: మా బావకి చాన్నాళ్ళుగా ఎడమ ముక్కు ఒక్కటే బ్లాక్, స్ప్రేలు కొడితే తగ్గలేదు, సీటీ తీస్తే ఎత్మాయిడ్ సైనస్‌లో, అంటే రెండు కళ్ళ మధ్య ముక్కు లోపలి గాలి గదుల్లో, గడ్డ అన్నారు. ఒక డాక్టర్ డైరెక్ట్‌గా తీసేసి ల్యాబ్‌కి పంపుదాం అంటాడు, ఇంకో ఆయన ఎంఆర్ఐ, బయాప్సీ (చిన్న ముక్క తీసి చేసే టెస్ట్) అయ్యాకే అంటాడు. అత్తమ్మేమో ముక్క తీస్తే గడ్డ రేగి క్యాన్సర్ అవుతుందని ఒకటే ఏడుపు.

సైదాబాద్_పోరడు: తీపిచ్చెయ్యి అన్నా. ఎట్లయినా తీసేదే గద, రెండుసార్లు పైసలెందుకు వెట్టుడు?

ఈఎన్‌టీ_పీజీ: ఎట్లయినా తీసేదే, కానీ ఎంత మేర తియ్యాలి? ఒక పక్కే గడ్డ ఉంటే మామూలు పాలిప్ (వాచిన మెత్తటి కండ), ఫంగస్, ఇన్వర్టెడ్ పాపిల్లోమా (క్యాన్సర్ కాదు గానీ సరిగ్గా తియ్యకపోతే మళ్ళీ వచ్చే గడ్డ), క్యాన్సర్, ఏదైనా కావచ్చు. అరుదుగా ష్వానోమా, అంటే నరం పైపొర నుంచి పుట్టే మంచి గడ్డ (క్యాన్సర్ కానిది), తలా మెడల్లో వచ్చే ష్వానోమాల్లో ముక్కు, సైనస్‌లవి 4 శాతం లోపే. అదైతే ఎండోస్కోపీతో మొత్తం తీసేస్తే సాధారణంగా కథ అయిపోతుంది, కీమో గీమో ఏం లేదు, మళ్ళీ రావడం కూడా తక్కువే. అదే పాపిల్లోమా అయితే అది పుట్టిన చోట ఎముక కూడా డ్రిల్ చెయ్యాలి, క్యాన్సర్ అయితే ప్లానే వేరు. ఇక రవి గారూ, ముక్క తీసినందుకు మంచి గడ్డ క్యాన్సర్‌గా మారదు, అత్తమ్మగారికి గట్టిగా చెప్పండి.

నల్లకుంట_లత: మా ఆడపడుచుకి బయాప్సీలో వట్టి వాపు అని వచ్చింది, ఆపరేషన్‌లో తీసింది చూస్తే ట్యూమర్. మరి ఆ బయాప్సీ ఎందుకు చేసినట్టు?

ఈఎన్‌టీ_పీజీ: పైపైన గిల్లితే అంతే అక్కా, లోపలి నుంచి తియ్యాలి, ఏ రకం గడ్డో తేల్చడానికి ల్యాబ్‌లో ఎస్-100 లాంటి స్టెయిన్లు (రంగు పరీక్షలు) కూడా వెయ్యాలి. కానీ ఎంఆర్ఐ ముందే కావాలి. ఎత్మాయిడ్ పైకప్పు పల్చటి ఎముక, ఒక్కోసారి మెదడు పొరే కిందికి జారి గడ్డలా కనపడుతుంది, చూసుకోకుండా దాన్ని కోస్తే మెదడు నీళ్ళు ముక్కులోంచి కారతాయి. గడ్డ ఎంత, వెనకాల నిలిచిన చీమిడి ఎంత అన్నది కూడా సీటీ కంటే ఎంఆర్ఐలోనే బాగా తెలుస్తుంది.

సైదాబాద్_పోరడు: మాటలు మంచిగనే ఉన్నయ్, ఎంఆర్ఐ పైసలు ఎవలిస్తరు?

నల్లకుంట_లత: కోఠి ఈఎన్‌టీ దవాఖానా ఉంది కదా తమ్ముడూ, 2021లో బ్లాక్ ఫంగస్ వాళ్ళందర్నీ అక్కడికే పంపారు, సైనస్ ఆపరేషన్లు వాళ్ళకి కొత్తా? ఓపీలో లైన్ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి.

ఉప్పల్_రవి: బినైన్, అంటే మంచి గడ్డే అని తేలితే అసలు వదిలెయ్యొచ్చా పీజీ గారూ?

ఈఎన్‌టీ_పీజీ: ష్వానోమా మెల్లగా పెరుగుతుంది గానీ పక్కనే కన్ను, పైన మెదడు, ఎముకని నొక్కి నొక్కి అరగదీస్తుంది. చిన్నగా ఉన్నప్పుడే తీయించడం సులువు. సీటీ సీడీ పట్టుకుని ముందు ఎంఆర్ఐకి వెళ్ళండి.