అప్‌డేట్: మూడు నెలల తర్వాత నా బీపీ

బీపీ 150/96 ఉంది, మాత్ర మానేసి ఆయుర్వేద పథ్యంతో నెట్టుకురావచ్చా అని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. మాత్ర మానలేదండీ. మీరు తిట్టినట్టే డాక్టరుగారూ తిట్టారు.

అసలు దొంగ ఇంట్లోనే దొరికాడు. గొంతు గరగర అని రెండుపూటలా తాగే అతిమధురం కషాయం! అది ఒంట్లో ఉప్పును పట్టి ఉంచి, పొటాషియం తగ్గించి, బీపీ పెంచుతుందట. ఆయుర్వేద వైద్యుడే డబ్బా చూసి ఆపించారు. బీపీ తగ్గించే సర్పగంధ మూలిక కూడా సొంతంగా వాడొద్దన్నారు. అందులోని రిసర్పిన్ ఒకప్పుడు ఇంగ్లీషు వైద్యంలో బీపీ మందే.

ఉప్పు ఇప్పుడు రోజుకు 5 గ్రాములలోపే. ఆవకాయ వదిలేశా గానీ, చద్దన్నంలోకి కాల్చిన ఎండు నెత్తళ్లు మానడమే నరకం. పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర్నుంచి నడక. నిన్న 132/84. మాత్ర డోసు మాత్రం ఇంకా తగ్గించలేదు.